ఎర్రచుక్క కుళాయి

మా వదినకి ఉద్యోగం వస్తుందా, రాదా అన్న సంగతిని ఒక అక్టోబరు నెలలో మా బాత్రూం కుళాయి తేల్చబోయింది. పెద్ద విషయాలు పెద్ద చోట్లే తేలతాయని నమ్మేవాళ్ళు ఇక్కడే ఆపి వేరే పని చూసుకోవచ్చు.

అప్పుడు మేం ఐన్ ఖాలిద్‌లో ఉండేవాళ్ళం. ఖతర్ అంతా ఆయిలు, గ్యాసు డబ్బుతో ఉడుకుతున్న రోజులు. కిటికీలోంచి చూస్తే ఆకాశం కన్నా క్రేన్లే ఎక్కువ కనిపించేవి. రోజూ విమానాల నిండా మనుషులు దిగుతుంటే ఇళ్ళు చాలక, ఒక్కో విల్లాని ప్లైవుడ్ గోడలతో ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి పోర్షన్ అని పేరు పెట్టి అద్దెకి ఇచ్చేవాళ్ళు. మా పోర్షన్ ఒకప్పుడు ఆ విల్లాలో అతిథులు కూర్చునే మజ్లిస్. అందుకని మా హాల్లో పైకప్పు నుంచి పెళ్ళి మండపంలో ఉండేలాంటి గాజు దీపాల గుత్తి వేలాడేది. దాని కింద మేం బట్టలు ఆరేసుకునేవాళ్ళం.

అన్నయ్య ఒక ఏసీ కంపెనీలో ఇంజనీరు. ఇతరుల భవనాలు చల్లబరచడం ఆయన వృత్తి. మా గదిలో ఏసీ మాత్రం లారీ ఎత్తెక్కుతున్నట్టు మోగేది, అది వేరే సంగతి. నేను కొత్తగా వచ్చాను. ఉత్తరాన ఒక గ్యాస్ ప్లాంటులో స్టోర్స్ గుమాస్తా ఉద్యోగం. ఉద్యోగం వచ్చింది గానీ ప్లాంటు లోపలికి వెళ్ళే గేట్ పాస్ రాలేదు. జీతం వస్తోంది, పని లేదు. వినడానికి అదృష్టంలా ఉంటుంది. కొన్నాళ్ళు గడిస్తే అదృష్టం ఉల్లిపాయల రూపంలో వచ్చి ముందు కూర్చుంటుంది, తరగమని.

వదిన జాగ్రఫీలో ఎమ్మెస్సీ, పైన బీఎడ్. పెళ్ళికి ముందు కాకినాడలో ఒక స్కూల్లో పాఠాలు చెప్పేది. ఇక్కడికొచ్చాక చెప్పడానికి పాఠమూ లేదు, వినడానికి పిల్లలూ లేరు. అన్నయ్యకి మాత్రం అప్పుడప్పుడూ భోజనం దగ్గర ఎడారులు ఎలా ఏర్పడతాయో చెప్పేది. ఆయన పెరుగు కలుపుకుంటూ "అవునా" అనేవాడు. ఇక్కడి ఇండియన్ స్కూళ్ళలో జాగ్రఫీ టీచరు ఉద్యోగం ఖాళీ కావాలంటే ముందున్న టీచరు దేశం విడిచి వెళ్ళాలి. జీతాలు పెరుగుతున్న దేశాన్ని ఎవరు విడుస్తారు? చివరికి ఒకావిడ భర్తకి వేరే దేశంలో ప్రాజెక్టు దొరికి, ఆవిడ వెళ్ళింది. స్కూలు నుంచి ఫోన్ వచ్చింది. ఏడో తరగతికి డెమో క్లాసు చెప్పాలి. పాఠం పేరు: సముద్ర ప్రవాహాలు.

ఆ సాయంత్రం వదిన బెండకాయలు తరుగుతూ అంది, "ఇది కూడా రాకపోతే డిసెంబర్లో నేను కాకినాడ వెళ్ళిపోతానండీ. పాత స్కూల్లో జనవరి నుంచి రమ్మంటున్నారు."

అన్నయ్య టీవీ చూస్తూ, "ఊఁ, చూద్దాంలే," అన్నాడు.

ఇంట్లో ఎవరైనా గొంతు పెంచితే జోకు వేసి గాలి తీసెయ్యడం నా డ్యూటీ. కన్నీళ్ళకు, శపథాలకు, తలుపులు విసిరికొట్టడాలకు నా దగ్గర విడివిడిగా మాటలు సిద్ధంగా ఉంటాయి. కానీ వదిన గొంతు పెంచలేదు. కత్తి ఆగలేదు. బెండకాయ ముక్కలన్నీ ఒకే సైజులో పడుతున్నాయి. ఒకే సైజులో ముక్కలు తరిగే మనిషి మాటకి గాలి తియ్యడం ఎలాగో నాకు తెలియదు. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను కాబట్టి కళ్ళు తుడుచుకోవడానికి వేరే కారణం వెతుక్కోనక్కర లేకపోయింది.

వదినకి మామూలు డెమో వద్దు. చార్టు గోడకి తగిలించి కర్రతో బాణం గుర్తులు చూపించడం అందరూ చేసేదే. ఆమెకి సముద్రాన్నే క్లాసులోకి తీసుకెళ్ళాలని ఉంది. దేశం విడిచి వెళ్తూ సామాన్లు అమ్మేసుకుంటున్న ఒక కుటుంబం దగ్గర పొడుగాటి చేపల తొట్టి దొరికింది. చేపలు అంతకుముందే వెళ్ళిపోయాయి, ఏ వీసా మీదో అడగలేదు. తొట్టికి ఒక చివర "పెరూ" అని, రెండో చివర "ఇండోనేషియా" అని కాగితాలు అంటించింది వదిన. మధ్యలో పసిఫిక్. పెరూ పక్కన ఒక చిన్న టేబుల్ ఫ్యాను. ఫ్యాను పట్టుకునేవాణ్ణి నేను.

"నువ్వు వ్యాపార పవనాలు," అంది.

"జీతమెంత?"

"భోజనం."

భూమధ్యరేఖ దగ్గర ఎండకి గాలి వేడెక్కి పైకి లేస్తుందట. ఆ ఖాళీలోకి ఉత్తరం నుంచీ దక్షిణం నుంచీ గాలులు వస్తాయి. భూమి తిరుగుతూ ఉంటుంది కాబట్టి అవి తిన్నగా రాలేవు, పక్కకి ఒరిగి తూర్పు నుంచి పడమరకి వీస్తాయి. పూర్వం ఓడల్లో సరుకులు తీసుకెళ్ళేవాళ్ళు వీటిని నమ్ముకుని తెరచాపలు ఎత్తేవాళ్ళు.

"అంత నమ్మకం ఎందుకంటే," అంది వదిన, "ఇవి రోజూ ఒకే దిక్కుకి, విసుగు లేకుండా వీస్తాయి. నీలాగా మధ్యలో టీ తాగడానికి వెళ్ళవు."

"గాలి నీళ్ళని ఎలా తోస్తుంది వదినా? చేతులున్నాయా?"

"వేడి పాల మీద ఊదితే మీగడ ఏమవుతుంది?"

"అవతలి అంచుకి పోతుంది."

"అంతే. ఆ ఊదడం మహాసముద్రం అంత పొడుగున, ఏడాది పొడుగునా జరిగితే?"

"మూతి నొప్పెడుతుంది."

అవతలి అంచుకి చేరిన మీగడే ఇండోనేషియా వైపు పోగయ్యే వేడి నీళ్ళు. పైపైన ఎండకి కాగిన నీళ్ళన్నీ పడమరకి జరిగి అక్కడ కుప్పపడతాయి. పడమటి ఒడ్డున సముద్రం తూర్పు ఒడ్డు కన్నా దాదాపు మూరెడు ఎత్తుగా ఉంటుందని వదిన చెప్పినప్పుడు నేను నమ్మలేదు. నీళ్ళు ఎత్తుపల్లాలు పాటించవని చిన్నప్పుడు చదువుకున్నాను. గాలి ఆపకుండా తోస్తుంటే పాటిస్తాయట. పెరూ దగ్గర పైనీళ్ళు ఖాళీ అయిన చోట, అడుగు నుంచి చల్లటి నీళ్ళు పైకొస్తాయి. ఇదంతా తొట్టిలో కనిపించాలి. వేడి నీళ్ళకి మిఠాయిల్లో వేసే కేసరి రంగు, చల్లటి నీళ్ళకి తెల్లబట్టలకి పెట్టే నీలం.

మొదటిసారి చల్లదనానికి ఐసు ముక్కలు వేశాం. అడుగున ఉండాల్సిన చల్లదనం పైకి తేలి, పసిఫిక్ అంతా షికారు చేసింది. వదిన ఐసు తీసేసి కాసేపు ఆలోచించి, "మన కుళాయిలు చాలు," అంది.

ఇక్కడ కుళాయిల సంగతి చెప్పాలి. బాత్రూంలో రెండు కుళాయిలు. ఎర్రచుక్క ఉన్నది వేడి నీళ్ళది, గీజర్ నుంచి వస్తుంది. నీలంచుక్క ఉన్నది చన్నీళ్ళది, మేడ మీద ట్యాంకు నుంచి వస్తుంది. ఇది కంపెనీవాడి ఉద్దేశం. ఖతర్ ఎండాకాలానికి ఆ ఉద్దేశం తెలియదు. మేడ మీద ట్యాంకు పొద్దంతా ఎండలో కాగి, నీలంచుక్క కుళాయి తిప్పితే టీ డికాక్షన్ పెట్టుకోవచ్చన్నంత వేడిగా వస్తుంది. అందుకని వేసవి రాగానే అందరి ఇళ్ళలోనూ గీజర్ స్విచ్చి ఆపేస్తారు. గీజర్ లోపల, ఏసీ చల్లదనంలో, గోడ నీడలో ఉంటుంది. దానిలో నిలవున్న నీళ్ళు చల్లబడతాయి. స్నానానికి చన్నీళ్ళు కావాలంటే ఎర్రచుక్క తిప్పాలి. నేను వచ్చిన కొత్తలో నీలంచుక్క తిప్పి, తల మీద చెంబు పోసుకుని, పక్క పోర్షన్‌వాళ్ళు వచ్చి తలుపు కొట్టేలా అరిచాను. ఆ తర్వాత ఇంకెప్పుడూ తప్పలేదు. అక్టోబరు చివరిదాకా ఇక్కడ ఎర్రదే చల్లన. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు, ఒక్క చెంబు నేర్పుతుంది.

కాబట్టి మా పసిఫిక్‌కి కేసరి నీళ్ళు నీలంచుక్క కుళాయి నుంచి, నీలం నీళ్ళు ఎర్రచుక్క కుళాయి నుంచి. కొత్తవాడికి తలకిందులు. మాకు కాదు. వంటింటి గట్టు మీద రిహార్సల్ చేస్తే అద్భుతంగా వచ్చింది. నీలం నీళ్ళు తొట్టిలో పోసి, వాటి మీద ఒక ప్లాస్టిక్ మూత తేలవేసి, ఆ మూత మీదుగా కేసరి నీళ్ళు మెల్లగా ఒంపితే, కేసరి పైన నూనెలా పరుచుకుంది. ఫ్యాను మూడో నంబరులో పెట్టాను. పసిఫిక్ వచ్చి పోపులపెట్టెలో పడింది. ఒకటో నంబరులో పెడితే కేసరి మెల్లగా జరిగి ఇండోనేషియా దగ్గర మందంగా పోగయ్యింది. పెరూ దగ్గర అడుగు నుంచి నీలం పైకి తొంగిచూసింది. ఫ్యాను ఆపితే పోగైన కేసరి వెనక్కి, తూర్పుకి జారింది.

"కొన్నేళ్ళకోసారి గాలి ఇలాగే మెత్తబడుతుంది," అంది వదిన, తొట్టి వైపే చూస్తూ. "వేడి వెనక్కి జారితే దానితో పాటు వానలూ జరుగుతాయి. అక్కడెక్కడో ఫ్యాను ఆగితే మన దగ్గర వాన తప్పచ్చు."

ఆమె మొహం ఎప్పుడూ లేనంత వెలుగుతోంది. నేను పోపులపెట్టెలో తడిసిన జీలకర్ర ఆరబెడుతున్నాను.

డెమో ముందురోజు మధ్యాహ్నం అన్నయ్య భోజనానికి ఇంటికొచ్చాడు. వదిన పాఠం చదువుకుంటోంది, నేను తొట్టి తోముతున్నాను. సైట్లలో తాగేనీళ్ళు మోసుకెళ్ళే పెద్ద థర్మస్ జగ్గులు రెండు ఆఫీసు నుంచి తెచ్చాడు. వదిన ఒకదాన్లో కేసరి, ఒకదాన్లో నీలం రంగు ముందే వేసి పెట్టింది. ఇప్పుడు నింపి మూత పెడితే రేపటిదాకా వేడి వేడిగా, చల్లన చల్లగా ఉంటాయి.

"నేను పడతాలే నీళ్ళు," అన్నాడు అన్నయ్య.

వదిన, నేను ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. మా ఇంట్లో ఇది చారిత్రక ఘట్టం. కానీ చరిత్రలో చాలా ఘట్టాల్లాగే ఇదీ ఫోన్ మాట్లాడుతూ జరిగింది. ఏదో సైటులో ఏసీ ప్లాంటు ఆగిపోయింది. అన్నయ్య ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, "ప్రెషర్ చూడు, ముందు ప్రెషర్ చూడు," అంటూ కేసరి జగ్గు నీలంచుక్క కింద, నీలం జగ్గు ఎర్రచుక్క కింద పెట్టి నింపాడు. ఒక్క తప్పూ చెయ్యలేదు. ఆ జగ్గుల గోడలు దళసరి. లోపలి సంగతి బయటికి చెప్పకపోవడమే వాటి ఉద్యోగం.

మర్నాడు స్కూలు గేటు దగ్గర కోఆర్డినేటర్ మేడం ఎదురొచ్చింది. గంభీరమైన మనిషి, కళ్ళద్దాలకి గొలుసు. ఒక చేతిలో ఫ్యాను, ఇంకో చేతిలో తొట్టి ఉన్న నన్ను చూసి, "ఈయనెవరు?" అంది.

"మా మరిది మేడం," అంది వదిన. "గాలి."

ఆవిడ నవ్వలేదు. నాకు చివరి బెంచీ చూపించింది. తర్వాత గాలి ముందుండాలని తెలిసి మళ్ళీ ముందుకి పంపింది.

పాఠం ఇంగ్లీషులో నడిచింది. నాకు గుర్తున్నది తెలుగులో. వదిన మొదలుపెట్టిన తీరు బాగుంది. పాల మీగడ చెప్పింది, ఓడలు చెప్పింది. పిల్లలు మెడలు చాచి చూస్తున్నారు. తొట్టిలో నీలం నీళ్ళు పోసింది. మూత తేలవేసింది. కేసరి నీళ్ళు ఒంపింది.

కేసరి మూత మీంచి జారి, మెలికలు తిరుగుతూ తిన్నగా అడుక్కి పోయింది.

వదిన ఇంకొంచెం మెల్లగా ఒంపింది. కేసరి ఇంకొంచెం మెల్లగా అడుక్కి పోయింది. కాసేపటికి పసిఫిక్ అడుగంతా కేసరి, పైనంతా నీలం. మేం ఇంట్లో చూసినదానికి సరిగ్గా బోర్లా.

ముందు వరసలో రెండు జడల పిల్ల చెయ్యెత్తింది. "మ్యామ్, ఆరెంజ్ మునిగిపోతోంది."

"వేడి నీరు పైన ఉంటుందని బోర్డు మీద రాశారు కదా?" అంది కోఆర్డినేటర్ మేడం, వెనక నుంచి, చాలా మర్యాదగా. మర్యాద ఎక్కువైనప్పుడు కాస్త జాగ్రత్తగా ఉండాలి.

నేను ఫ్యాను పట్టుకుని నిలబడ్డాను. గాలికి ఇలాంటప్పుడు చెయ్యగలిగింది ఏమీ లేదు. నాకు డిసెంబరు గుర్తొచ్చింది. ఆ వెనకే, అన్నయ్య వండితే ఎలా ఉంటుందో అదీ గుర్తొచ్చింది.

వదిన తొట్టి వైపు చూస్తోంది. ఏసీ గది కదా, నీళ్ళకి పైనున్న గాజంతా ఆవిరి పట్టి మసకబారింది. చన్నీళ్ళు పోసిన తొట్టికి ఆవిరి పట్టదు. వదిన చూపుడువేలు నీలం నీళ్ళలో ముంచింది. వెంటనే తీసేసింది. తర్వాత పమిటతో వేలు తుడుచుకుని, రెండు జడల పిల్లని పిలిచింది.

"వేలు పెట్టి చూసి చెప్పు. జాగ్రత్త."

ఆ పిల్ల ముంచి, "ఓ! మ్యామ్, బ్లూ వేడిగా ఉంది!" అని అరిచింది. క్లాసంతా లేచింది. అందరికీ వేళ్ళు ముంచాలని ఉంది. వేళ్ళకి ఇంత గిరాకీ నేను ఎప్పుడూ చూడలేదు.

"కూర్చోండి," అంది వదిన. "జూలై నెల. ఆడుకుని ఇంటికొచ్చారు. చల్లటి నీళ్ళు కావాలి. ఏ కుళాయి తిప్పుతారు?"

"రెడ్!" క్లాసు మొత్తం ఒకే గొంతుతో.

"అదేంటి, రెడ్ అంటే వేడి కదా?"

పిల్లలకి వదిన అమాయకత్వం చూసి జాలేసింది. నలుగురు ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. ట్యాంకు పైన ఉంటుంది మ్యామ్. ఎండలో ఉంటుంది మ్యామ్. హీటరు లోపల ఉంటుంది. మా డాడీ ఆపేస్తారు. ఒకడు తన చెల్లెలి వీపు కాలిన కథ మొత్తం చెప్పాడు, ఎవరూ ఆపలేదు.

"అయితే నీళ్ళని వేడి చేసేది చుక్క రంగా, ఎండా?"

"ఎండ!"

"సముద్రానికి మేడ ఏది? స్నానాలగది ఏది?"

ఇది కాసేపు పట్టింది. చివరికి కిటికీ పక్కన కూర్చున్న ఒకడు నెమ్మదిగా అన్నాడు, "పైనీళ్ళు మేడ. లోతు... బాత్రూమ్."

"అంతే. ఎండ తగిలేది పైపైనే. అడుగు నీళ్ళు చీకట్లో, చల్లగా ఉంటాయి. నిన్న మా ఇంట్లో ఎవరో గీజర్ వేసినట్టున్నారు, రెడ్ కుళాయిలో పట్టిన ఈ బ్లూ నీళ్ళు ట్యాంకు నీళ్ళని మించి కాగాయి. రంగు మాట నమ్మి నేను వేలు పెట్టి చూడలేదు. మీరు చూశారు." బోర్డు దగ్గరికి వెళ్ళి, వేడి అన్న చోట కేసరి కొట్టేసి నీలం అని రాసింది, చల్లన అన్న చోట నీలం కొట్టేసి కేసరి అని రాసింది. "ఇప్పుడు గాలి దేన్ని తోస్తుంది? బ్లూనా, ఆరెంజ్‌నా?"

"పైనున్నదాన్ని," అంది రెండు జడల పిల్ల.

వదిన నా వైపు చూసింది. ఒకటో నంబరు నొక్కాను. నీలం మెల్లగా జరిగి ఇండోనేషియా దగ్గర పోగయ్యింది. పెరూ దగ్గర, అడుగు నుంచి కేసరి పైకి ఎక్కింది. సిద్ధాంతం తప్పలేదు, చొక్కాలు మారాయి అంతే. ఫ్యాను ఆపమంది. నీలం వెనక్కి జారింది. వానల సంగతి చెప్పబోతుండగా బెల్లు కొట్టారు. పిల్లలు లేచారు, ఎవడి మోచెయ్యో తగిలి పసిఫిక్‌లో కొంత భాగం నేల మీద పడింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కోఆర్డినేటర్ మేడం తడి పక్కనుంచి నడిచొచ్చి, "మీ ప్రయోగం ఫెయిలైంది కదా?" అంది.

"ప్రయోగం ఫెయిలవలేదు మేడం," అంది వదిన. "నీళ్ళు పట్టడం ఫెయిలైంది."

"తెలియజేస్తాం," అంది ఆవిడ.

తెలియజేస్తాం అన్న మాటకి అన్ని దేశాల్లోనూ ఒకటే అర్థం.

కారులో అన్నయ్య ఉత్సాహంగా ఉన్నాడు. "ఎలా జరిగింది?"

కారు సిగ్నల్ దాటింది. వదిన అంది, "మీరు నిన్న నీలం జగ్గు ఏ కుళాయి కింద పెట్టారు?"

"ఎర్రచుక్క కింద. సరిగ్గానే పెట్టాను."

"సరిగ్గానే పెట్టారు."

"మరి?"

"వేడి నీళ్ళొచ్చాయి."

"ఎర్రదాన్లోనా? అక్టోబర్లోనా? అదెలా వస్తుంది?"

"ఏసీ ఇంజనీరువి నువ్వు అన్నయ్యా, నన్నడిగితే ఎలా?" అన్నాను వెనక సీటు నుంచి, ఒళ్ళో ఇండోనేషియాతో.

జవాబు మా ఇంటి గేటు దగ్గర మొక్కలకి నీళ్ళు పెడుతూ నిలబడి ఉంది. మా విల్లా నాటూర్, అంటే కాపలా మనిషి. జగిత్యాల వైపు వాడు. కరెంటు బిల్లు ఓనరే కట్టుకుంటాడు కాబట్టి అన్ని పోర్షన్ల గీజర్ల మెయిన్ స్విచ్చీ ఇతని చేతిలోనే ఉంటుంది. ఎండాకాలం ఆపడం, చలికాలం వెయ్యడం ఇతని పని. వాళ్ళ ఊళ్ళో వాళ్ళ అమ్మ మాత్రం కొడుకు దుబాయ్‌లో పెద్ద బంగళా చూసుకుంటున్నాడని చెబుతుందట. దేశం తప్ప మిగతాదంతా నిజమే.

"ఏం సారూ, నిన్న నీళ్ళు మంచిగ కాగినయా?" అన్నాడు నవ్వుతూ.

అన్నయ్య కారు తలుపు తీసినవాడు తీసినట్టే ఆగిపోయాడు. "ఏ నీళ్ళు?"

"గదే సార్, మెట్లకాడ చెప్పిన గద. కరెంటాయన అచ్చిండు, చలికాలం ముంగట గీజర్లన్ని ఒక్కపారి ఏసి సూస్తున్నం, సాయంత్రం దాంక ఎర్రదాంట్ల ఉడుకునీళ్ళొస్తయి అని. నువ్వు ఓకే ఓకే అన్నవ్."

"నేను ఫోన్లో ఉన్నాను!"

"గా ఓకే నాకు గాదా మరి?" అని నిజంగానే అడిగాడు అతను. "అందరికి చెప్పిన సార్. ఒక్క ఇల్లు ఇడిసిపెట్టలే."

వదిన లోపలికి వెళ్ళిపోయింది. మేం జగ్గులు మోసుకుని వెళ్ళేసరికి బీరువా మీంచి పెద్ద సూట్‌కేసు కిందికి దించి, తడిగుడ్డతో దుమ్ము తుడుస్తోంది.

"ఇదేంటి?" అన్నాడు అన్నయ్య.

"డిసెంబర్ అన్నానుగా. ముందే బాగుచేసి పెట్టుకుంటే మంచిది."

అన్నయ్య ఆ మాట మొదటిసారి విన్నట్టు విన్నాడు. నా లెక్క ప్రకారం మొదటిసారే విన్నాడు. బెండకాయల రోజున ఆయన చెవి వరకే వెళ్ళింది. వెళ్ళి సూట్‌కేసు పక్కన నేల మీద కూర్చున్నాడు. "నిజంగానే వెళ్తావా?"

"ఊరికే అంటానా?"

"నాకు చెప్పలేదేం?"

"చెప్పాను. ఊఁ చూద్దాంలే అన్నారు."

అప్పుడు నేనొక జోకు వేశాను, సూట్‌కేసు చక్రాల మీద. ఎవరూ నవ్వలేదు. అది మంచి జోకే.

అన్నయ్య చాలాసేపు ఆ చక్రం తిప్పుతూ కూర్చుని, చివరికి, "ఇంకే స్కూలైనా ఉంటే చెప్పు, నేనే తీసుకెళ్తాను. ఫోన్ ఇంట్లో పెట్టి వస్తాను," అన్నాడు. ఆయన నోట ఇంతకన్నా పెద్ద ప్రేమ మాట నేను వినలేదు. వదిన గుడ్డ పిండి ఆరేసింది. అంతే. సూట్‌కేసు మాత్రం మళ్ళీ పైకి ఎక్కలేదు, గోడవారగా ఉండిపోయింది. దాన్ని దాటుకుంటూ మేం తిన్నాం, పడుకున్నాం, లేచాం.

ఫోను రోజూ మోగేది. బ్యాంకువాళ్ళు, గ్యాసు సిలిండర్ వాడు, ఎవరో తప్పు నంబరు పాకిస్తానీ పెద్దమనిషి. ఆయనతో వదిన మర్యాదగా మాట్లాడేది, నేను ఇంకా మర్యాదగా మాట్లాడేవాణ్ణి, ఎందుకంటే ఆ వారం మా ఇంట్లో మామూలుగా మాట్లాడే మనిషి ఆయనొక్కడే. అన్నయ్య డ్యూటీ నుంచి వస్తూనే ఫోన్ వైపు చూసేవాడు, తర్వాత సూట్‌కేసు వైపు చూసేవాడు, తర్వాత ఏమీ చూడనట్టు చూసేవాడు. కూరలో ఉప్పు గురించి ఒక్క మాట అనలేదు. ఒకరోజు నిజంగానే ఉప్పు వెయ్యలేదు, అయినా అనలేదు.

గురువారం మధ్యాహ్నం వదిన అప్పడాలు వేయిస్తుంటే స్కూలు నుంచి ఫోన్ వచ్చింది. నేనే తీసి ఇచ్చాను. వదిన ఒక చేత్తో అట్లకాడ పట్టుకుని "యెస్ మేడం, యెస్ మేడం," అంటూ వింది. అప్పడం మాడింది. నేను స్టవ్ ఆపాను, ఆ రోజు నా వంతు సాయం అదే.

పెట్టేశాక వదిన స్టూలు మీద కూర్చుంది.

"ఏమన్నారు?"

"ఆదివారం నుంచి రమ్మన్నారు. మార్చి దాకా. తర్వాత చూస్తారట."

"ఇంకా?"

"క్లాసులోకి మళ్ళీ నీళ్ళు తేవద్దన్నారు. నేల తడిసిందని క్లీనింగువాళ్ళు కంప్లైంట్ ఇచ్చారట. ఒకబ్బాయి ఇంటికెళ్ళి మేడ మీద ట్యాంకు మూత తీసి వేలు పెట్టాడట. వాళ్ళ నాన్న ఫోన్ చేసి గొడవ పెట్టాడట."

"ఉద్యోగం ఇచ్చారా, వార్నింగ్ ఇచ్చారా?"

"రెండూ," అంది వదిన. నవ్వింది. తర్వాత మాడిన అప్పడం విరిచి తింది, బాగానే ఉందంటూ.

ఆమెని ఎందుకు తీసుకున్నారో మాకు ఇప్పటికీ తెలియదు. పోటీలో ఉన్న ఇంకొకావిడకి వీసా కుదరలేదని తర్వాత ఎవరో చెప్పారు. అన్నయ్య మాత్రం ఎవరడిగినా, తను పట్టిన నీళ్ళ వల్లే వచ్చిందని చెబుతాడు. మొదట్లో వదిన ఖండించేది. తర్వాత మానేసింది.

నా గేట్ పాస్ కూడా వచ్చింది. ఉత్తరాన క్యాంపులో ఉంటూ శుక్రవారాలు ఇంటికొచ్చేవాణ్ణి. అక్కడ సముద్రం పక్కనే. ఉత్తరం నుంచి వచ్చే షమాల్ గాలి రోజుల తరబడి వీచినప్పుడు నీళ్ళు ఒడ్డుకి ఎలా ఎగబడతాయో చూస్తూ, ఫ్యాను ఎన్నో నంబరులో ఉందో అంచనా వేసేవాణ్ణి. పక్కనున్నవాళ్ళతో అనలేదు. స్టోర్స్ గుమాస్తాకి ఒక పరువుంటుంది.

డిసెంబరులో ఒక శుక్రవారం పొద్దున నాటూర్ వచ్చి తలుపు కొట్టాడు. అన్నయ్య తీశాడు. సూట్‌కేసు మంచం కింద ఉంది, నిండా చార్టు కాగితాలతో. వదిన దీపాల గుత్తి కింద, ఆరేసిన బట్టల మధ్య కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది.

"సారూ, నీ చేతిల ఫోన్ ఉన్నదా?"

"లేదు."

"అయితే చెప్తున్న. గీజర్ ఇప్పుడే ఏసిన. ఇగ చలికాలమంత ఎర్రదే ఉడుకు. అక్కకు చెప్పు."

అన్నయ్య లోపలికి తిరిగి అరిచాడు. "ఏమోయ్, ఇవాళ్టి నుంచి ఎర్రదే వేడంట!"

వదిన పేపర్ మీంచి తలెత్తకుండా అంది, "వేలు పెట్టి చూసి చెప్పండి."

అన్నయ్య బాత్రూంలోకి వెళ్ళాడు. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. కాసేపు నీళ్ళ చప్పుడు.

"ఇంకా చల్లగానే ఉంది," అన్నాడు లోపలి నుంచి.

"అయితే ఇంకా చల్లదే," అంది వదిన, ఎవరికో సగం మార్కు వేస్తూ.